పువ్వు పూత

తెనాలిలో ఆ రోజుల్లో పింగాణీ పూతల పని తెలిసినవాడు హనీఫ్ ఒక్కడే. వాళ్ళ నాన్న ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, కళాయి సాయిబు అంటే చాలు. ఆ పొగలో కూచుని గిన్నెలు తిప్పడం హనీఫ్‌కి నచ్చలేదు. పదిహేడో ఏట గూడూరు వెళ్ళిపోయి అక్కడొక పింగాణీ కార్ఖానాలో చేరాడు. జాడీని కాల్చేముందు దాని మీద పోసే పొడుల నీళ్ళని పూత అంటారు. బట్టీలో అది కరిగి గాజులా బిగుసుకుంటుంది. ఆ పూతలు కలిపే బడే సాహెబ్ అనే ముసలాయన దగ్గర తొమ్మిదేళ్ళు ఉండి, చేతికి విద్య పట్టాక తిరిగి సొంతూరు వచ్చాడు.

1964లో వీరరాఘవయ్య అనే రైతు కాలవ గట్టు పక్కన ఎకరం నేలలో చిన్న పింగాణీ కార్ఖానా పెట్టాడు. తాతల నాటి నుంచి వరి పండించిన కుటుంబం. తన చేత్తో ఏదైనా తయారుచేసి అమ్మాలని ఆయనకి నలభై దాటాక పుట్టిన కోరిక. ఆవకాయ జాడీలు, సిరాబుడ్లు, కప్పులూ సాసర్లూ చేయించేవాడు. హనీఫ్‌ని పిలిచి పూతల గది తాళం చేతిలో పెట్టాడు.

"నువ్వేం కలుపుతావో నేనడగను. సరుకు మాత్రం బాగుండాలి," అన్నాడు.

ఆ మాట హనీఫ్‌కి చాలా నచ్చింది. గూడూరులో పాళ్ళు రాసిన కాగితం ఎవరూ చూడకుండా నోట్లో వేసుకుని నమిలిన పనివాళ్ళని అతను చూశాడు. పూత రహస్యం పోతే పనివాడి విలువ పోయినట్టే అని అతని నమ్మకం. వీరరాఘవయ్య ఇచ్చిన తాళం ఎప్పుడూ మొలతాడుకే ఉండేది.

మరుసటేడాది అతను పువ్వు పూత పట్టుకున్నాడు. అది మామూలు పూత కాదు. జింకు పొడీ, పలుగురాయి పిండీ, ఫ్రిట్ అనే గాజు పొడీ ఒక లెక్కలో కలిపి, చిటికెడు కోబాల్టు వేసి, బట్టీని నిండు వేడికి తీసుకెళ్ళి, తర్వాత మంట తగ్గించి ఒక మెట్టు కింద నాలుగు గంటలు నిలపాలి. ఆ నాలుగు గంటల్లో కరిగిన పూతలోపల పువ్వులు కడతాయి. చెక్కినవి కావు, గీసినవి కావు. లోపల నుంచి రేకు రేకుగా విచ్చుకుని, చల్లారాక అలాగే నిలిచిపోతాయి. లేత నీలం మీద ముదురు నీలం. ఆ పూత నీళ్ళలా జారుతుంది కాబట్టి ప్రతి కూజా కిందా చిన్న మట్టి పళ్ళెం పెట్టాలి, లేకపోతే కూజా బట్టీకే అతుక్కుపోతుంది.

మొదటి పూలకూజా బయటికి తీసినరోజు వీరరాఘవయ్య దాన్ని ఎండలో పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ అమ్మ రంగమ్మగారికి చూపించాడట. ఆవిడ, ఇందులో నీళ్ళు పోస్తే పువ్వులు తడుస్తాయేమోరా, అందట. కార్ఖానాలో నెల్లాళ్ళు అదే మాట చెప్పుకుని నవ్వుకున్నారు.

1966లో హనీఫ్‌కి పెళ్ళయింది. పిల్ల పేరు షాహీదా, రేపల్లె అమ్మాయి. తండ్రి లేడు. తల్లి అక్తర్ బేగం జాకెట్లు కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. షాహీదా ఎనిమిదో తరగతి దాకా చదివింది, లెక్కలు బాగా వచ్చు. పెళ్ళయిన రెండో నెలలో మొగుడు రాత్రి పూట కాగితం మీద పాళ్ళు వేసుకుంటూ తప్పు చేస్తే పక్కనుంచి చూసి, "నూటికి వెయ్యాల్సింది తొంభైకి వేశారండీ," అంది. హనీఫ్ ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు. ఆ రోజు నుంచి కాగితం ఆమె చేతికి వెళ్ళింది.

కాగితం తర్వాత త్రాసు వెళ్ళింది. కార్ఖానాలో అయితే పదిమంది కళ్ళు. ఇంటి వెనక చిన్న గది ఉంది, ఒక్కటే కిటికీ. పొడులన్నీ అక్కడ పెట్టించాడు. షాహీదా తలుపు మూసుకుని తూచేది, కల్వంలో నూరేది, పల్చటి గుడ్డలో జల్లించేది. ఆమె చెయ్యి ఎంత నికరమంటే, ఆమె కలిపిన పూతకి ఆమె కలిపిన పూతే సాటి. పొడి ఎంత మెత్తగా నలిగిందో చూడ్డానికి ఆమెకొక అలవాటు ఉండేది. చిటికెడు తీసి ముందుపళ్ళ మధ్య పెట్టుకుని కొరికి చూసేది. గరగరమంటే ఇంకా నూరాలి. మెత్తగా జారిపోతే సరిపోయినట్టు.

వాళ్ళిద్దరికీ బాగా ఇష్టమైన రోజులవి. బొంబాయి నుంచి వచ్చే జింకు ఏ రెండు బస్తాలూ ఒకలా ఉండేవి కావు. ఒకసారి పొడి బరువుగా, కొంచెం పచ్చగా ఉండేది. ఒకసారి పిండిలా గాల్లో లేచేది. అదే పాళ్ళు, అదే బట్టీ, అయినా ఒక బస్తాతో పువ్వులు విడివిడిగా అందంగా పడితే, ఇంకో బస్తాతో కూజా అంతా చక్కెర చల్లినట్టు సన్న పలుకులు కట్టి మొద్దుగా తయారయ్యేది. మొదటిసారి అలా అయినప్పుడు ముప్ఫై కూజాలు పగలగొట్టాల్సి వచ్చింది. హనీఫ్ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"పాత బస్తాలో ఏమన్నా మిగిలిందా?" అని అడిగింది షాహీదా.

"అడుగున కాస్త ఉంది."

"దాన్ని అలాగే ఉంచండి. కొత్తది మూడొంతులు, పాతది ఒకవంతు కలిపి చూద్దాం. సగం సగం ఇంకోటి. పలుగురాయి ఒక పాలు పెంచి ఇంకోటి. చిన్న పెంకుల మీద పోసి కాల్చండి, కూజాలెందుకు పాడుచేసుకోవడం?"

పదకొండు పెంకులు కాల్చారు. ప్రతిదాని వెనకా ఆమె అంకె వేసింది. ఏడో పెంకు మీద మూడు పువ్వులు పడ్డాయి, దేనికది దూరంగా. అప్పటి నుంచి అదే పద్ధతి. కొత్త బస్తా వచ్చిందంటే ముందు పెంకులు, తర్వాతే కూజాలు. జింకు బస్తా ఏదీ పూర్తిగా ఖాళీ చేసేవాళ్ళు కాదు. ఓపిక ఉండాలి, అంతే. ఒక్కో బస్తాకి మూడు వారాలు పట్టేది. పెంకులు కాల్చి ఇంటికి తెచ్చిన సాయంత్రాలు ఇద్దరూ వసారాలో కూచుని వాటిని పరుచుకుని, దేని మీద ఏ పువ్వు బాగుందో వాదించుకునేవాళ్ళు.

1967 చివర్లో మద్రాసు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది, రెండువందల పూలకూజాలు. సరిగ్గా అప్పుడే ఫ్రిట్ మారింది. ఎప్పుడూ పంపే కలకత్తా వ్యాపారి మానేశాడు. ఇంకొకడు పంపిన గాజుపొడి చూడ్డానికి ఒకలాగే ఉంది, కానీ సరిగ్గా కరగదు. పూత గంజిలా చిక్కగా నిలబడిపోయింది, పువ్వు పడలేదు. జింకులా ఫ్రిట్‌ని దాచి ఉంచలేదు, పాతది కలపడానికి పిడికెడు కూడా మిగల్లేదు. పెంకుల మీద పెంకులు కాల్చారు. నలభై దాటాయి. జింకు తగ్గించినా అంతే, పలుగురాయి తగ్గించినా అంతే.

హనీఫ్‌కి ఒక దారి తెలుసు. గూడూరులో మామూలు జాడీల పూత తొందరగా కరగడానికి బడే సాహెబ్ ఎర్ర సీసపు పొడి వేసేవాడు. ఇనుప గేట్లకి తుప్పు పట్టకుండా పూసే రంగులో ఉండే పొడే అది. నూటికి మూడు పాళ్ళు వేస్తే ఎంత మొండి పూతయినా దారికొస్తుంది.

ఇంకో సంగతీ అతనికి తెలుసు. బడే సాహెబ్ రెండు చేతులూ మణికట్టు దగ్గర వాలిపోయి ఉండేవి. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి తాగేవాడు. చేరిన మొదటి వారంలోనే ఆయన హనీఫ్‌ని కూచోబెట్టి చెప్పాడు, "ఈ పొడి ముట్టుకున్న చేత్తో ముద్ద నోట్లో పెట్టకు. మూడుసార్లు సబ్బుతో కడుక్కో. ఆడవాళ్ళని దీని ఛాయలకి రానీకు, కడుపు నిలవదు."

బజార్లో రంగుల దుకాణం ముందు నిలబడినప్పుడు హనీఫ్‌కి ఆ మాటలు గుర్తొచ్చాయి. గుర్తురాలేదని తర్వాత ఎప్పుడూ అతను అనలేదు. కానీ ముసలాయన ముప్ఫై ఏళ్ళు గంపలకొద్దీ ఎత్తిపోశాడు, ఇది నూటికి మూడు పాళ్ళు, ఈ ఒక్క ఆర్డరుకే, అనుకున్నాడు. పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చాడు.

"ఇదేంటండీ, కుంకంలా ఉంది?" అంది షాహీదా.

"పూత కరగడానికి. నూటికి మూడు వెయ్యి."

అంతే చెప్పాడు. చెప్తే భయపడుతుంది. భయపడితే తూచదు. తూచకపోతే కార్ఖానాలో ఎవరికో ఒకరికి పాళ్ళు చెప్పాలి. ఆ మూడు అడుగులూ అతని మనసులో ఒక్క క్షణంలో పడ్డాయి. ఆమె పొడి నూరి, అలవాటు ప్రకారం చిటికెడు పళ్ళ మధ్య పెట్టి కొరికి చూసింది. హనీఫ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూశాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి గోలెం దగ్గర చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో, మూడుసార్లు.

రెండువందల కూజాలూ బ్రహ్మాండంగా వచ్చాయి. అంతకుముందు ఎన్నడూ పడనంత పెద్ద పువ్వులు, అరచెయ్యంత. మద్రాసు నుంచి ఇంకో ఆర్డరు వచ్చింది. ఆ ఒక్కసారికే అనుకున్నది అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఎర్ర పొడితో బస్తాల గొడవే లేదు. జింకు ఎలా వచ్చినా, ఫ్రిట్ ఎలా వచ్చినా, ఇంకో పాలు పెంచితే చాలు, పువ్వు పడుతుంది. మూడు నాలుగయింది, నాలుగు ఆరయింది. పెంకులు కాల్చడం మానేశారు. వసారాలో కూచుని వాదించుకోవడమూ దానంతటదే ఆగిపోయింది.

1968 ఎండాకాలంలో షాహీదాకి మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. మరుసటేడు ఇంకొకటి, నాలుగో నెలలో. తెనాలిలో చూపిస్తే రక్తం తక్కువుంది అని బలానికి టానిక్కు రాశారు. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. అప్పుడప్పుడూ కడుపు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి నేలమీద ముడుచుకుని పడుకునేది. లేచాక మళ్ళీ గదిలోకి వెళ్ళి త్రాసు ముందు కూచునేది. పని చేస్తుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది అనేది.

ఆ రెండేళ్ళలో హనీఫ్ చెప్పాలనుకున్న రోజులు లేకపోలేదు. ఒకసారి గది తలుపు దాకా వెళ్ళాడు కూడా. ఆమె తల వంచుకుని పొడి జల్లిస్తోంది, ముక్కు మీద ఎర్రటి మరక. ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. వెనక్కి తిరిగాడు. చెప్పని ప్రతి రోజూ చెప్పడం ఇంకాస్త కష్టమయింది.

మూడోసారి నెల తప్పినప్పుడు అక్తర్ బేగం స్వయంగా వచ్చి కూతుర్ని రేపల్లె తీసుకెళ్ళింది. అక్కడ షాహీదా కోలుకుంది. నొప్పులు తగ్గాయి, అన్నం తినగలిగింది. కానీ ఎనిమిదో నెలలోనే కాన్పు వచ్చింది. మగపిల్లాడు, గుప్పెడంత. ఏడోరోజున అన్వర్ అని పేరు పెట్టారు. పదకొండో రోజు మధ్యాహ్నం తల్లి ఒళ్ళోనే పోయాడు. హనీఫ్ రైలు దిగి ఇల్లు చేరేసరికి బిడ్డకి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. రేపల్లె ఖబరస్తాన్‌లో గొయ్యి తవ్వినవాడు, ఇంత చిన్నది తవ్వడం కష్టం బాబూ, చెయ్యి తిరగదు, అన్నాడు. హనీఫ్ బిడ్డని రెండు చేతుల మీదా పెట్టుకుని దింపాడు. బరువే తెలియలేదు.

నలభై రోజులయ్యాక షాహీదా తెనాలి వచ్చింది, మళ్ళీ గదిలోకి వెళ్ళింది. మూడు నెలలు తిరక్కుండానే కుడిచెయ్యి వాలిపోయింది. త్రాసులో బరువులు పెట్టబోతే వేళ్ళు లేవలేదు. ఎడమచేత్తో మణికట్టు పైకెత్తి పట్టుకుని హనీఫ్‌కి చూపించింది.

"ఏంటో చూడండి, చెయ్యి నా మాట వినడం లేదు," అంది.

హనీఫ్ ఆ చేతిని చూశాడు. అలాంటి చెయ్యి అతను తొమ్మిదేళ్ళు చూశాడు. వెనక్కి తిరిగి గోడకి తల ఆనించి నిలబడ్డాడు. ఆ రోజే గదికి తాళం వేశాడు. ఇక తూచొద్దన్నాడు. ఎందుకో మాత్రం అప్పటికీ చెప్పలేదు.

కబురు విని అక్తర్ బేగం వచ్చింది. బాపట్లలో అనసూయగారని మంచి లేడీ డాక్టరుందని ఎవరో చెప్పారట. ముగ్గురూ రైలెక్కి బాపట్ల వెళ్ళారు. 1971, మాఘమాసపు ఎండ. ఆస్పత్రి అంటే చిన్న పెంకుటిల్లు, వసారాలో బెంచీలు, వాటి నిండా ఆడవాళ్ళు. వాళ్ళ వంతు వచ్చేసరికి పదకొండు దాటింది.

డాక్టరు అనసూయ నడివయసు మనిషి, తక్కువ మాట్లాడేది. అంతా విన్నది. అక్తర్ బేగం చెప్పిన ఒక మాట దగ్గర కలం ఆపింది.

"మా దగ్గరుంటే తేరుకుంటుందమ్మా. అక్కడికెళ్తే వాడిపోతుంది. మా అల్లుడు మంచివాడే, తిండికి లోటు లేదు. ఎందుకో నాకు తెలియడం లేదు."

డాక్టరు లేచి వచ్చి షాహీదా కింది పెదవి వేలితో కిందికి లాగి, కిటికీ వైపు తిప్పి చూసింది. చిగుళ్ళ అంచున పళ్ళని ఆనుకుని సన్నటి నీలిగీత ఉంది, పెన్సిలుతో గీసినట్టు.

"ఏం పని చేస్తావమ్మా?"

"ఇంట్లోనే ఉంటానండీ."

"ఇంట్లో ఏం చేస్తావు?"

షాహీదా మొగుడి వైపు చూసింది. పూతల సంగతి ఎవరికీ చెప్పొద్దని అతనే కదా అన్నది. హనీఫ్ నేల చూస్తున్నాడు.

"చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. జింకు, పలుగురాయి, గాజుపొడి. ఎర్రపొడి అనగానే డాక్టరు హనీఫ్ వైపు తిరిగింది.

"సీసమేనా?"

"అవునండి."

డాక్టరు కేకలెయ్యలేదు. కూచుని మెల్లగా చెప్పింది. అది ఒంట్లోకి పోతే తొందరగా బయటికి రాదనీ, ఎముకల్లో ఏళ్ళ తరబడి ఉంటుందనీ, కడుపులో బిడ్డకి కూడా వెళ్తుందనీ. గుంటూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. చెయ్యి కొంత బాగుపడొచ్చు, పూర్తిగా చెప్పలేను అంది. పిల్లల మాట అక్తర్ బేగం అడిగితే, ఇప్పట్లో ఆ ఊసు వద్దమ్మా అంది.

బాపట్ల ప్లాట్‌ఫారం మీద ప్యాసింజరు కోసం కూచున్నారు. అక్తర్ బేగం మంచినీళ్ళ కోసం కుళాయి దగ్గరికి వెళ్ళింది. షాహీదా వాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని పట్టాల వైపు చూస్తోంది.

"మీకు తెలుసా?" అంది.

హనీఫ్ అబద్ధం ఆడొచ్చు. డాక్టరు చెప్పేదాకా నాకూ తెలియదు అంటే ఆమె నమ్మేది. నమ్మడానికి సిద్ధంగా ఉందని ఆ గొంతులోనే తెలుస్తోంది.

"తెలుసు," అన్నాడు.

ఆమె తల తిప్పలేదు.

"మొదటి నుంచీనా?"

"మొదటి నుంచీ."

"అందుకా మీరు చేతులు కడుక్కునేది?"

అతను తలూపాడు.

"నేను నమాజు కోసమనుకున్నాను," అంది షాహీదా. "మంచి అలవాటని మా అమ్మీకి కూడా చెప్పాను."

అక్తర్ బేగం నీళ్ళు పట్టుకొచ్చింది. కూతురు తాగింది. తెనాలిలో రైలు ఆగినప్పుడు హనీఫ్ లేచి నిలబడ్డాడు. తల్లీకూతుళ్ళూ లేచారు. ప్లాట్‌ఫారం మీదకి దిగాక షాహీదా, "రేపల్లె బండి ఎప్పుడమ్మీ?" అని అడిగింది. ముసలామె అల్లుడి మొహం చూసింది, కూతురి మొహం చూసింది, ఏదో అర్థమయింది. రేపల్లె బండి ఆగే వైపు నడిచింది. హనీఫ్ వెనకాలే సంచీ మోసుకెళ్ళి రైలుపెట్టెలో పెట్టాడు. బండి కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మర్నాడు కార్ఖానాకి వెళ్ళి మొలతాడుకున్న తాళం తీసి వీరరాఘవయ్య బల్ల మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు.

"మనం సీసం వాడుతున్నామా?"

"అవునండి, మూడేళ్ళ పైనుంచీ."

"నాకెందుకు చెప్పలేదయ్యా? చెప్తే ఆ పిల్ల చేత తూయించనిచ్చేవాణ్ణా?"

"మీరు అడగనన్నారు."

వీరరాఘవయ్య మొహం తుడుచుకున్నాడు. "అన్నాను. నా బుద్ధి అలా ఏడ్చింది. ఈ పువ్వులు మనకొద్దు, ఆపెయ్. జాడీలు చేసుకుందాం."

హనీఫ్ ఒక్కటే అడిగాడు. సీసం లేకుండా పువ్వు పడేదాకా తనకి ఒక మూల, చిన్న బట్టీ ఇప్పించమన్నాడు. తలుపులు లేని పాకలో, అందరూ చూసేచోట. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే హనీఫ్ చెప్పగలిగేవాడూ కాదు. అతనికి పువ్వుల మీద ప్రేమ పోయింది. కానీ చేతికి ఇంకే పనీ రాదు. ఊరికే కూచోలేకపోయాడు.

మళ్ళీ పెంకులు మొదలుపెట్టాడు. ఫ్రిట్ ఎందుకు మారుతోందో ముందు తేల్చుకోవాలనుకున్నాడు. ఎవడో ఎక్కడో చేసి పంపేది కాబట్టి ప్రతిసారీ మారుతుంది. తనే చేసుకుంటే? వెలిగారం, చాకలిసోడా, పలుగురాయి పిండి మూసలో పెట్టి కరిగించి, ఎర్రగా ఉండగానే నీళ్ళలో పోశాడు. గలగలమని పగిలి గాజు నూకలయింది. దాన్ని నూరి జింకుతో కలిపాడు. మొదట్లో పూత మొత్తం జారి పళ్ళెంలోకి వచ్చేసింది. తర్వాత బుడగలు. తర్వాత పొరలు. వెలిగారం తగ్గించాడు, సోడా పెంచాడు. ప్రతి పెంకు వెనకా అంకె వేశాడు. షాహీదా అంకెల్లా గుండ్రంగా రాలేదు. పాళ్ళన్నీ పాకలో పలక మీద సుద్దతో రాసేవాడు, వచ్చిపోయేవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

ఆషాఢంలో తొంభయ్యారో పెంకు మీద పువ్వు పడింది. ఒకటే, రూపాయి బిళ్ళంత. తర్వాత ఒక కూజా కాల్చి చూశాడు. మెడ దగ్గర రెండు పువ్వులు, పొట్ట మీద ఒకటి. మునుపటంత పెద్దవి కావు, నీలం కూడా లేతగా ఉంది. కానీ అందులో సీసం లేదు.

దాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఆదివారం రేపల్లె బండి ఎక్కాడు. మధ్యలో రెండుసార్లు వెళ్ళాడు కానీ షాహీదా లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఈసారి అక్తర్ బేగం లోపలికి వెళ్ళి ఏం చెప్పిందో, ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. కాస్త ఒళ్ళు చేసింది. కుడిచెయ్యి కొంచెం లేస్తోంది, వేళ్ళు మాత్రం పూర్తిగా విచ్చుకోవడం లేదు.

హనీఫ్ తువ్వాలు విప్పి కూజాని అరుగు మీద పెట్టాడు.

"సీసం లేదు," అన్నాడు.

ఆమె కూచుని ఎడమచేత్తో దాన్ని తిప్పి చూసింది. పని తెలిసిన మనిషి చూసే చూపు అది, అలవాటు ఎక్కడికి పోతుంది. అంచు దగ్గర వేలితో రాసి చూసింది.

"ఫ్రిట్ ఎవరిది?"

"నేనే కరిగించాను. వెలిగారం, సోడా."

"రేపు సోడా బస్తా మారితే?"

"మళ్ళీ పెంకులు కాలుస్తాను. పాత బస్తాలో కొంత దాచి ఉంచుతున్నాను."

ఆమె తలూపింది. కూజాని కింద పెట్టింది.

"ఎన్నాళ్ళు పట్టింది?"

"అయిదు నెలలు," అన్నాడు హనీఫ్. అన్నాక, ఆమె ఏం అడిగిందో అప్పుడు అర్థమయింది.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"అయిదు నెలలు," అంది ఆమె. "అంతేనా? మద్రాసు వాళ్ళు అయిదు నెలలు ఆగేవాళ్ళు కారా? ఆగకపోతే పోనీ. ముగ్గురండీ. ముగ్గురు పిల్లలు. అయిదు నెలల పని."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. హనీఫ్ ఏడ్చాడు. అరుగు మీద కూచుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, పెద్దవాడన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు. అక్తర్ బేగం గుమ్మం పక్కన గోడకి ఆనుకుని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కాస్త తేరుకున్నాక తల ఎత్తకుండానే అన్నాడు, "నీకు విడాకులు కావాలంటే ఇస్తాను. ఏం కావాలంటే అదే చేస్తాను. ఇంటికి రమ్మని అడిగే మొహం నాకు లేదు."

"విడాకులు తీసుకుని నేనేం చేసుకుంటాను?" అంది షాహీదా. "నాకేం కోపం లేదు. ఉంటే బాగుండేది, తిట్టేదాన్ని. ఆ గదిలో నేను తలొంచుకుని కూచుంటే, మీరు గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు కదా. ఎంత ప్రేమగా చూస్తున్నారో అనుకునేదాన్ని. ఆ ఇంటికొస్తే రోజూ ఆ గుమ్మం చూడాలి. నా వల్ల కాదు."

లేచి లోపలికి వెళ్ళింది. అతను సాయంత్రం బండికి తెనాలి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వీరరాఘవయ్య పాకలో ఇద్దరు ఆడవాళ్ళని, కాంతమ్మనీ ఆమె చెల్లెల్నీ, పూతల పనికి పెట్టాడు. హనీఫే నేర్పాడు. పాళ్ళు పలక మీదే ఉండేవి. పొడి పళ్ళతో కొరకనిచ్చేవాడు కాదు. మెత్తదనం చూడ్డానికి గాజుపలక మీద రుద్ది చూడమనేవాడు. మొహానికి గుడ్డ కట్టుకోమనేవాడు, కట్టుకోకపోతే ఆ పూటకి పని ఆపించేవాడు. కొత్త బస్తా వస్తే మూడు వారాలు ఆగాల్సిందే, ఎవరెంత తొందరపెట్టినా. చాదస్తపు సాయిబు అని కాంతమ్మ చాటుగా విసుక్కునేది. ఎందుకో అతను చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు, ఏదీ దాచకుండా. ఆ తర్వాత ఆమె విసుక్కోలేదు.

ఇంటి వెనక గదిని అతను కూలగొట్టించాడు. ఆ సంగతి రేపల్లెకి కబురు చెయ్యలేదు. కబురు చేస్తే రమ్మన్నట్టుంటుందని.

ప్రతి నెలా మొదటి ఆదివారం రేపల్లె వెళ్ళేవాడు. ముందు ఖబరస్తాన్‌కి వెళ్ళి బిడ్డ దగ్గర దువా చేసుకుని, తర్వాత అత్తగారింటి అరుగు మీద కూచునేవాడు. అక్తర్ బేగం టీ ఇచ్చేది. వానలు, కాలవలు, బట్టల ధరలు, ఏవో రెండు మాటలు అనుకునేవాళ్ళు. తలుపు కర్టెన్ వెనక షాహీదా తిరుగుతుండేది. పొరుగు పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో ఎక్కం, పన్నెండో ఎక్కం, పిల్లల గొంతుల మధ్య ఆమె గొంతు వినపడేది. హనీఫ్‌తో ఆమె మాట్లాడలేదు. అలా మూడేళ్ళు గడిచాయి.

1974 కార్తీకంలో ఒక ఆదివారం వాన పట్టుకుంది. అరుగు తడిసిపోతుంటే అక్తర్ బేగం అల్లుణ్ణి వసారాలోకి జరిగి కూచోమంది. టీ గ్లాసు ఖాళీ అయింది. బండికి ఇంకా గంటన్నర ఉంది. లోపల పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయినట్టున్నారు, చప్పుడు లేదు.

"అమ్మీ," అంది లోపల నుంచి షాహీదా. "వాన తగ్గేట్టు లేదు. ఇంకొంచెం టీ పొయ్యమంటారేమో అడుగు ఆయన్ని."

అక్తర్ బేగం అతని వైపు చూసింది.

"పొయ్యమనండి," అన్నాడు హనీఫ్.

ముసలామె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి తనే తీసుకొచ్చి ఇచ్చింది. అతను తాగి, గ్లాసు కింద పెట్టి, వాన కొంచెం నెమ్మదించాక స్టేషనుకి బయల్దేరాడు.